బొట్లు పెట్టిన మ్యాటు

శుక్రవారం పొద్దున్నే పాలు పొంగిపోయాయి. పొయ్యి దాకా వెళ్లడానికి దారి ఉంటే గదా, శాంతాబాయి వేళకు చేరి ఆపడానికి!

ఒంటిగది ఇల్లు, ఆ ఖోలీ నిండా కబడ్డీ మ్యాటే. కింద ఉన్న మండల్ గదిలో, అంటే గల్లీ కబడ్డీ సంఘం గదిలో, పైకప్పు పెచ్చులూడి పడుతున్నాయని ఆమె భర్త బక్కయ్య మొన్న మనుషుల్ని పెట్టి పలకలన్నీ ఇంట్లోకి మోయించాడు. నీలం పలకలు, ఎర్ర పలకలు, ఒక్కొక్కటీ సగం తలుపంత. అంచులకు పళ్లుంటాయి. ఒకదాని పళ్లు ఇంకొకదాంట్లో ఇరికించి పరిస్తే కోర్టు తయారవుతుంది. పరచకుండా కప్పు దాకా దొంతర్లు పెడితే ఇదిగో, ఇలాంటి కాపురం తయారవుతుంది.

పైగా వాటికి కాలు తగలకూడదు. అందుకని అరవై దాటిన శాంతాబాయి గోచీ పోసి కట్టిన కాష్టా చీర ఎగదోపుకొని, గోడకు వీపు ఆనించి, ఎండ్రకాయలా అడ్డంగా జరిగి పొయ్యి దగ్గరికి చేరుతోంది. ఫ్యాను రెక్క దొంతరకు తగులుతుందని ఫ్యాను కూడా బంద్.

“మనమరాలు రాత్రంతా చెమటల పొర్లింది,” అంది కాలిన గిన్నె దించుతూ. “నీ దేవునికి గాలి ఒద్దంటే మాకు గూడ ఒద్దా?”

గడప దగ్గర కూర్చున్న బక్కయ్య వెనక్కి తిరగలేదు. మ్యాటు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆయన మకాం గడపే. తిండి అక్కడే, నిద్ర అక్కడే. ఎవడో ఎత్తుకుపోతాడని కాపలా.

“జర ఓపిక పట్టవే. ఐతారం పోనీ.”

“ఐతారం నాడే గద వాళ్లొచ్చేది!”

ముసలాయన కండువా దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

ఐదేళ్ల కిందట ఈ నగరంలో బాలల క్రీడోత్సవం జరిగింది. ఎన్నో దేశాల పిల్లలు వచ్చి ఆడారు. ఆ స్టేడియంలో మ్యాటు పరిచింది బక్కయ్య ముఠా. ఆటలు అయిపోయాక, పిల్లల కోసం తెచ్చిన సామాను పిల్లలకే మిగలాలని కమిటీ వాళ్లు ఒక్కో మండల్‌కు ఒక్కొక్కటి పంచారు. పంచేటప్పుడు సంధ్య అనే కమిటీ మేడం ఒక మాట చెప్పింది. ‘దీని మీద పిల్లలు ఆడినంత కాలం ఇది మీది’ అని. అందులో బక్కయ్య చెవికి ఎక్కింది చివరి రెండు ముక్కలే.

మండల్ గదికి తెచ్చాడు. ప్లాస్టిక్ చుట్టాడు. దసరాకు మేస్త్రీ పని తాపీలు, బొచ్చెలు, దారపు గుండు కడిగి ఆయుధపూజ చేసే ఇల్లు అది. ఆ వరసలో మ్యాటునూ చేర్చాడు. ఏటా పసుపు బొట్లు, కుంకుమ బొట్లు, ఒక కొబ్బరికాయ. అన్నిటికన్నా పైనుండే పలక ఐదు దసరాల పసుపుకు నీలం రంగే మర్చిపోయింది. పిల్లలు మాత్రం నాగ్‌పాడా అవతల కంకర తేలిన మైదానంలో ఆడుతూనే ఉన్నారు.

ఇప్పుడు కమిటీ వాళ్లకు ఈ సంగతి తెలిసింది. ఆదివారం వచ్చి చూస్తామని మేడం బక్కయ్యకు ఫోన్ చేసింది. మ్యాటు మీద పిల్లలు ఆడటం లేదని తేలితే తీసుకుపోయి ధారావి మండల్‌కు ఇస్తారట.

ధారావి మండల్ పెద్ద శంకర్రావు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీలో బక్కయ్య చీలమండ పట్టుకొని పడేసిన ఒకే ఒక్క మనిషి. ఆ పట్టు మర్చిపోదామనే వాళ్లిద్దరూ వియ్యమందారు. శంకర్రావు కూతురు సారికే ఈ ఇంటి కోడలు.

సారిక గది మూల నీళ్ల మోరీ దగ్గర కూర్చుని, కూతురు మయూరి కంకరలో పడి చీరుకుపోయిన మోకాలికి పట్టీ మారుస్తోంది. పదమూడేళ్ల పిల్ల పళ్లు బిగపట్టింది గానీ అరవలేదు. కొరియర్ ఆఫీసులో పని చేసొచ్చి సాయంత్రాలు గల్లీ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేది సారికే. పోయిన ఆదివారం ఆ జట్టు జిల్లా పోటీకి వెళ్లింది. అక్కడ మ్యాటు పరిచి ఉంది. కంకరలో నిలబడే కాళ్లు దాని మీద ఒక్కటీ నిలవలేదు. మొదటి ఆటకే ఇంటికి వచ్చారు.

“మామా,” అంది సారిక, పట్టీకి ముడి వేస్తూ, “ఐతారం దాకా ఎందుకు? ఇయ్యాలనే పరుద్దాం. పిల్లలు ఆడతరు, వాళ్లొచ్చి చూస్తరు, మ్యాటు మనకే ఉంటది. బస్, ఖతం.”

“పరిస్తే ఖరాబ్ అయితది.”

“ఆడకుంటే పోతది.”

“పోతే ఎవలకు పోతదో గది గూడ చెప్పు.” ఇప్పుడు తిరిగాడు బక్కయ్య. “నీ తండ్రి ఇంటికే గద పోయేది!”

“అరే బాపు, ఆ మాటెందుకు ఇప్పుడు?” అన్నాడు విక్కీ, బక్కయ్య కొడుకు. ఊళ్లో వాళ్ల ఏసీలన్నీ బాగు చేసి చల్లబరుస్తాడు గానీ సొంత ఇంట్లో వేడి తగ్గించడం అతని చేత కాదు.

“ఎందుకా? ఐదేండ్ల సంది అడగనోళ్లకు ఇప్పుడెందుకు యాదికొచ్చింది? దసరాకు కొబ్బరికాయ కొడతనని గూడ ఎరుకుందిరా ఆ మేడంకు! ఇంట్ల మాట ధారావికి మోసినోళ్లు ఎవలు? ధారావి నుంచి కమిటీకి చెప్పినోళ్లు ఎవలు?”

పక్క ఖోలీలో కుక్కరు మూడు కూతలు కూసింది.

సారిక లేచింది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేదని శాంతాబాయికి అనిపించింది.

“మామా, పదునాలుగేండ్లయింది నేను ఈ ఇంటికొచ్చి. ఈ గల్లీ పోరీలకు ఆట నేర్పుతున్నగానీ ధారావి పోరీలకు నేర్పుతలె. నీకు గట్ల అనిపించినప్పుడు నేను ఇక్కడ ఉండి ఏం ఫాయ్‌దా?”

“ఏయ్ సారికా, రుక్ నా,” అన్నాడు విక్కీ.

“నువ్వు మాట్లాడకు. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలె.”

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. కమిటీకి చెప్పింది సారిక కాదు, శంకర్రావు కాదు. శాంతాబాయి.

పోయిన వారం బక్కయ్య స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఎత్తితే సంధ్య మేడం. “భోజనమైందా బాయీ?” అని ముందు అడిగింది. తిన్నావా అని అడిగిన మనిషికి అబద్ధం చెప్పడం శాంతాబాయికి పుట్టుకతోనే రాదు. ‘పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు?’ అని అడిగితే నాగ్‌పాడా కంకర గురించి చెప్పింది. మ్యాటు ఏదంటే, మా ఆయన దాన్ని దేవున్ని చేసి కూచున్నాడని నవ్వుతూ చెప్పింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఏదీ దాచలేదు. మేడం కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్న మాట ఇలా తిరిగొస్తుందని ఆమెకేం తెలుసు!

ఇప్పుడు ఆమె నోరు తెరిచింది. భర్త మొహం చూసింది. తెరిచిన నోరు మూసేసి, కాలిన గిన్నె తోమడానికి కూర్చుంది.

సాయంత్రం సారిక కూతుర్ని తీసుకుని ధారావిలోని పుట్టింటికి బయల్దేరింది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా శాంతాబాయి వెంట వెళ్లింది. దారిలో ఇద్దరూ కొత్తిమీర ధర గురించి, మయూరి బూట్ల గురించి మాట్లాడుకున్నారు. అసలు మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

మెట్ల దగ్గర సారిక ఆగింది.

“అత్తా, బీపీ గోలీలు చక్కెర డబ్బా ఎనుక పెట్టిన. తెల్లది పొద్దుగాల, గులాబీది రాత్రికి. మర్చిపోతవు నువ్వు. విక్కీకి చెప్పినా మర్చిపోతడు.”

“నువ్వెప్పుడొస్తవ్ బిడ్డా?”

“మామ ఆ మాట ఎనుకకు తీసుకుంటే వస్త.”

నిందపడ్డ పిల్ల అత్త గోలీల గురించి చెప్పి వెళ్లింది. నింద తెచ్చిన మనిషి ఉట్టి చేతులు ఊపుకుంటూ ఇంటికి తిరిగొచ్చింది. కామాఠిపురా గల్లీలు ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ సాయంత్రం మాత్రం ఒక గల్లీ ముందుగానే మలుపు తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం శాంతాబాయి బజారు నుంచి వచ్చేసరికి బక్కయ్య ఖోలీల ముందుండే పొడవాటి గ్యాలరీలో ఉన్నాడు. ముందు ఒక మ్యాటు పలక. పక్కన చాటలో ఊడ్చి తెచ్చిన దుమ్ము. చేతిలో ఇటుక ముక్క.

“ఏం జేస్తున్నవయ్యా?”

ఆయన దొంగలా చూశాడు.

“కొత్తగ కనవడుతుందని గదా బాధ. జర అరగదీసి, మట్టి పూస్తే, పిల్లలు ఆడినట్టే ఉంటది. మేడంకు ఏమెరుక?”

శాంతాబాయికి నవ్వు ఆగలేదు. సంచి కింద పెట్టి, ఎదురుగా చతికిలబడింది.

“మరి గీకు.”

బక్కయ్య ఇటుక ఎత్తాడు. మళ్లీ దించాడు. పలకను వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. మళ్లీ ఇటుక ఎత్తాడు. ఆయన కుడిచేతి చిటికెన వేలు పాత ఆటలో విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో ఇటుక మళ్లీ కింద పెట్టాడు.

“చేతులాడతలెవ్వే,” అన్నాడు చివరికి.

“ఎట్లాడతయి? ఐదేండ్లు మొక్కిన చెయ్యి.”

కింద గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తన్నుతున్నారు.

“మా తాత పాలమూరు నుంచొచ్చి ఈ షహర్ల రాళ్లు మోసిండు,” అన్నాడు బక్కయ్య. “మా అయ్య మోసిండు. నేను మోసిన. ఎన్ని బిల్డింగులు కట్టినం శాంతా! పనైపోయినాంక ఒక్కదాంట్లనన్న కాలు పెట్టనిచ్చిండ్రా? గేటు కాడ వాచ్‌మన్ ఎవలు నువ్వంటడు. నేను పరిచిన దాంట్ల నాకు దక్కింది గిదొక్కటే. దాన్ని తొక్కమని ఎట్ల చెప్పాలె?”

ఈ మనిషి మీద శాంతాబాయికి కోపం ఎప్పుడూ పూర్తిగా నిలవదు. నలభై ఏళ్లుగా అదే ఆమె తిప్పలు.

“నిన్ను కాలు పెట్టనియ్యలేదని ఏడుస్తున్నవ్. నీ మనమరాలిని నువ్వు పెట్టనిస్తున్నవా?” అంది మెల్లగా.

బక్కయ్య పలక మీది దుమ్ము కండువాతో తుడిచాడు. తర్వాత ఇటుక ముక్క తీసి గ్యాలరీ మూల కుండీలో పెట్టాడు.

ఇదే సమయం. ఇప్పుడు చెప్పేయాలి. శాంతాబాయి ఊపిరి పీల్చింది.

“సారికను గట్ల అనకుండ ఉండాల్సుండె,” అన్నాడాయన అంతలోనే. “కానీ చెప్పింది మాత్రం తండ్రేగదా! మాట మోసినోళ్లను మాత్రం నేను మాఫ్ చెయ్య.”

పీల్చిన ఊపిరి అలాగే బయటికి పోయింది.

“పిల్లల్ని పిలువు, పరుద్దాం,” అన్నాడు.

“నేనెట్ల పిలుస్త? వాళ్ల కోచ్‌ను పిలువు.”

బక్కయ్య ఫోన్ తీసి, అటూ ఇటూ నాలుగడుగులు వేసి, సారికకు కలిపాడు. “మ్యాటు పరుస్తున్న. రా,” అన్నాడు. అవతల ఏమంటుందో వినకుండా కట్ చేశాడు. ఆ మాత్రానికే చెమటలు పట్టి కండువాతో మెడ తుడుచుకున్నాడు.

ఎండ తగ్గేసరికి గల్లీ మారిపోయింది. తోపుడు బండ్లు జరిపారు, స్కూటర్లు తీశారు. విక్కీ, చాల్‌లోని ఇరుగుపొరుగు మగవాళ్లు పలకలు దించితే బక్కయ్య ఒక్కడే మోకాళ్ల మీద వంగి పళ్లు కలిపాడు. వేరే వాళ్లను ముట్టనివ్వలేదు. స్టేడియంలో ఎలా పరిచాడో అలాగే, చేత్తో చరిచి, చెవి పెట్టి, అతుకు సరిపోయిందని తెలిశాకే తర్వాతది. గల్లీ వెడల్పుకు కోర్టు పూర్తిగా పట్టలేదు గానీ నడిమి గీత, దానికి అటు ఇటు ఆడేంత చోటు వచ్చాయి. పసుపు బొట్ల పలక నడిమి గీతకు అవతలే పడింది. పైన గ్యాలరీల నిండా ఆడవాళ్లు.

సారిక వచ్చింది. వెనుక మయూరి. వాళ్ల వెనుక తెల్ల టోపీ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని శంకర్రావు. ఆయన్ని చూడగానే బక్కయ్య మీసం అదిరింది.

జట్టు పిల్లలంతా మ్యాటు అంచుకు వచ్చి ఆగారు. చెప్పులు విడిచారు. వంగి, పలకను వేళ్లతో తాకి, కళ్లకద్దుకున్నారు. అంతే. ఒక్కరూ అడుగు ముందుకు వేయలేదు. దసరా దసరాకు బక్కయ్య నేర్పిన పాఠం అది, బాగా వంటబట్టింది.

“ఆజీ, ఇస్ పే పావ్ కైసే రఖూ?” అంది మయూరి భయంగా, శాంతాబాయి చెయ్యి పట్టుకుని. దేవుడి మీద కాలెలా పెట్టాలని దాని బాధ.

బక్కయ్య ఇబ్బందిగా దగ్గాడు. “సారికా, పోరీలకు చెప్పు బిడ్డా. ఆడమను.”

“చెప్తగానీ, ముందు నువ్వు ఆ మాట ఎనుకకు తీసుకో మామా. అందరి ముందు అడుగుతున్న. నేను ఇంటి మాట బయటేసిన్నా?”

గల్లీ చెవులన్నీ అటు తిరిగాయి.

శంకర్రావు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “బావా, పోచమ్మ తల్లి సాక్షి. నేను ఎవలకూ ఫోన్ చెయ్యలె. మ్యాటు ఇస్తమంటే కాదనేటోణ్ని గాదు, అది గూడ నిజమే. కానీ అడగలె. నీకు పూజ ఉన్నదని నాకు నిన్ననే తెల్సింది, నా బిడ్డ ఏడుస్తుంటే.”

శంకర్రావు ఎలాంటివాడైనా పోచమ్మ మీద ఒట్టు వేసి అబద్ధమాడడు. అది బక్కయ్యకే అందరికన్నా ఎక్కువ తెలుసు.

“మరి ఎవలు చెప్పిండ్రు?” అన్నాడు.

మయూరి చెయ్యి ఇంకా శాంతాబాయి చేతిలోనే ఉంది. మోకాలి పట్టీ మీద కొంచెం నెత్తురు పొడుచుకొచ్చి కనిపిస్తోంది.

“నేను,” అంది శాంతాబాయి.

ఎవరికీ వినపడలేదేమోనని మళ్లీ అంది. “నేనే చెప్పిన. నువ్వు స్నానంల ఉంటివి. ఫోన్ నేనే ఎత్తిన. మేడం అడిగింది, ఉన్నదున్నట్టు చెప్పిన. చెప్పింది తప్పు గాదు. నా మీద పడాల్సిన మాట కోడలి మీద పడ్తుంటే ఊకున్న చూడు, గది తప్పు. సారికా, మాఫ్ చెయ్యి బిడ్డా.”

సారిక అత్త వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, నవ్వు ఉందో, శాంతాబాయి కళ్లల్లో నీళ్లకు సరిగ్గా ఆనలేదు.

బక్కయ్య మ్యాటు అంచు వెంట నడుచుకుంటూ అవతలి వైపుకు వెళ్లాడు. చెప్పులు విడిచాడు. వంగి పలకను తాకబోయి, ఆగి, తాకకుండానే నిటారుగా నిలబడ్డాడు. ధోవతి ఎగగట్టాడు. అడుగు పెట్టాడు. ఇంకో అడుగు. నడిచి నడిచి సరిగ్గా పసుపు బొట్ల పలక మీద నిలబడి, రెండు చేతులూ చాచాడు.

“రా శాంతా. కూతకు రా.”

గల్లీ గొల్లుమంది. గ్యాలరీల్లోంచి ఈలలు. “బాపు, అమ్మ మోకాళ్లు!” అని విక్కీ అరిచాడు. ఎవరూ వినిపించుకోలేదు.

శాంతాబాయి కొంగు బిగించింది. కాష్టా సరిచూసుకుంది. ఇది శిక్షో, మాఫీయో ఆమెకు అర్థం కాలేదు. నలభై ఏళ్లలో ఈయన ఏ మాటా సూటిగా చెప్పింది లేదు. మ్యాటు మీద కాలు పెట్టింది. అరికాలి కింద మెత్తగా, కొంచెం జారుతున్నట్టుగా ఉంది. ‘పాపం పిల్లలు, ఇదా సంగతి,’ అనుకుంది.

“కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ...”

సన్నగా మొదలైన కూత నడిమి గీత దగ్గరికి వచ్చేసరికి గట్టిపడింది. గీత దాటింది. బక్కయ్య వంకర వేలు ఆమె వైపు కదిలింది.

“అత్తా, కాలు చూస్కో! ఎడమకు, ఎడమకు!” వెనుక నుంచి సారిక గొంతు. పిల్లలకు నేర్పే గొంతే, అదే గదమాయింపు. ఆ పిలుపుతో శాంతాబాయికి ఎక్కడలేని ఊపిరీ వచ్చింది.

సరిగ్గా అప్పుడే గల్లీ మలుపులో ట్యాక్సీ ఆగింది. చేతిలో గొడుగు, భుజాన సంచితో ఒకామె దిగి, జనాన్ని తప్పించుకుంటూ మ్యాటు దగ్గరికి వచ్చింది. ముందు అంచున వరుసగా చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూసింది. తర్వాత మ్యాటు మీద ఒకరినొకరు పట్టుకోబోతున్న ముసలి మొగుడూ పెళ్లాల్ని చూసింది.

ఆమె గొంతు వినగానే సంధ్య మేడమని శాంతాబాయి గుర్తుపట్టింది. ఆదివారం రావాల్సిన మనిషి ఒక రోజు ముందే వచ్చింది. ఫోన్లో అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతోంది.

“బాయీ, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు?”

మ్యాటు అంచున మయూరి ఒక కాలు పైకెత్తింది, ఇంకా ఆనించలేదు.

శాంతాబాయి ఈసారి జవాబు చెప్పలేదు. చెబితే కూత తెగుతుంది.